అమ్మ నోటిపూత అసలు కారణం కనిపెట్టినవారికి కృతజ్ఞతలు

ముక్తేశ్వరం దగ్గరి మా ఊరి నుంచి కాకినాడ వచ్చిన మా అమ్మకు వైద్యం చేసిన చర్మవ్యాధుల డాక్టరమ్మ గారికి, రక్తం తీసిన ల్యాబ్ టెక్నీషియన్ గారికి, ఆ ఉదయం కదలబోతున్న పంటును మా కోసం ఆపిన రేవు వారికి మా కుటుంబం తరఫున నమస్కారాలు.

68 ఏళ్ల మా అమ్మకు ఐదు నెలలపాటు నోటిపూత తగ్గలేదు. మొదట చూపించిన చోట వేడి చేసిందని బి-కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి పంపారు. మజ్జిగన్నం కూడా మింగలేక ఆమె చిక్కిపోయింది. డాక్టరమ్మ గారు నోరు చూడగానే పెమ్ఫిగస్ అని అనుమానించారు. చర్మకణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ మీద మన రక్తంలోని యాంటీబాడీలే దాడి చేయడం వల్ల పొక్కులు వస్తాయని, ఇది అంటువ్యాధి కాదని ఆవిడ వివరించినప్పుడు, అప్పటిదాకా అమ్మ గ్లాసు వేరుగా పెట్టిన మాకు సిగ్గేసింది. ఆ యాంటీబాడీలను రోగుల రక్తంలో 1964లోనే గుర్తించారని విన్నాక, పోయిన ఐదు నెలల మీద కోపమూ వచ్చింది.

పొక్కు పక్క నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడమే (బయాప్సీ) ఈ జబ్బు నిర్ధారణకు ఇప్పటికీ ప్రామాణికం. అయితే గుండెకు స్టెంటు పడి, రక్తం పలచబడే మందులు వాడుతున్న అమ్మ, బుగ్గ లోపల కత్తి అనగానే వణికిపోయింది. ముందు కోత లేని పరీక్షలు చేద్దామని, వాటి ఫలితాలు పొసగకపోతే మాత్రం ముక్క తీయక తప్పదని డాక్టరమ్మ గారు నిక్కచ్చిగా చెప్పారు. ఆ షరతు ముందే పెట్టినందుకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

పుండు అడుగును గాజు పలక అంచుతో మెల్లగా గీకి, రంగు వేసి చూస్తే, విడిపోయి గుండ్రబడిన కణాలు కనిపించాయి. ఎలైజా రక్తపరీక్షలో డెస్మోగ్లీన్ రకాల్లో 3వ దానికి యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయి, 1వ దానికి లేవు. జబ్బు ఒంటి మీదికి రాకుండా నోటికే పరిమితమైనవారిలో ఇలాగే ఉంటుందట. ఇక మూడోది మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. తల వెంట్రుకలు కొన్ని కుదుళ్లతో సహా పీకి, వాటి మొదట్లో అంటుకుని వచ్చిన తెల్లటి జిగురు పొరను మాకు చూపించి, చర్మం పైపొరలోని కణాల లాంటివే ఇందులోనూ ఉంటాయి గనుక యాంటీబాడీలు ఇక్కడా అంటుకుంటాయని టెక్నీషియన్ గారు చెప్పారు. ప్రత్యేక సూక్ష్మదర్శినిలో ఆ పొర వల అల్లినట్టు ఆకుపచ్చగా మెరిసింది. వెంట్రుకలు పీకుతుంటే నొప్పిగా ఉందా అని అడిగితే, "వెంకన్నకు జుట్టంతా ఇచ్చినదాన్ని, ఈ నాలుగు వెంట్రుకలకు భయపడతానా బాబూ" అంది అమ్మ.

మూడూ ఒకే మాట చెప్పడంతో మందులు మొదలుపెట్టారు. పెద్దవయసులో దురదతో, గట్టి బొబ్బలతో వచ్చే పెమ్ఫిగాయిడ్ వేరే జబ్బని, దానికి ఈ వెంట్రుకల పరీక్షను నమ్ముకోకూడదని కూడా డాక్టరమ్మ గారు చెప్పారు గనుక, ఇది చదివి ఎవరూ బయాప్సీ వద్దని పట్టుబట్టవద్దని మనవి.

నిన్న అమ్మ పెరుగన్నంలో మాగాయ టెంక చప్పరించింది. టెక్నీషియన్ గారూ, వానలో మీరు మాకిచ్చిన గొడుగు మా వసారాలోనే ఉంది. వచ్చే నెల రక్తపరీక్షకు వచ్చినప్పుడు తెచ్చి ఇస్తాను.