మీ కారులో మేము వేసిన ఎర్ర వైరు గురించి

గత దీపావళికి, ఈ ఉగాదికి మధ్య మన గాజువాక ఆటోనగర్ షాపులో ఆంప్లిఫయరు (ఆంప్), బేస్ వినిపించే సబ్ వూఫరు (సబ్) పెట్టించుకున్న 17 కార్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా మేము లాగిన ఎర్ర పవర్ వైరు మీకు చెప్పిన వైరు కాదు. 4 గేజి రాగి వైరని చెప్పి, ఆ లెక్కనే డబ్బులు తీసుకున్నాం. వేసింది మాత్రం రాగి పూత పూసిన అల్యూమినియం. సైజు కూడా 4 గేజి కాదు, 8 గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. ఇంతవరకు ఏ కారుకీ ఏమీ కాలేదు. 17 కార్లలోనూ ఆ వైరు తీసేసి అసలు రాగి వైరు వేస్తాం. మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. ఆ పని పూర్తయ్యేదాకా కొత్త ఆడియో పని ఒప్పుకోం.

బండి మా దగ్గరికి వచ్చేలోపు మీరు చేయాల్సింది ఒక్కటే, సబ్ వూఫరు ఆపి ఉంచండి. రేపటి నుంచి మా కుర్రాడు మీ ఇంటికే వచ్చి, బానెట్ కింద ఉన్న 100 ఆంపియర్ల ఫ్యూజు తీసి 40 ఆంపియర్లది వేస్తాడు. పది నిమిషాల పని. ఆ తర్వాత సబ్ వాడుకోవచ్చు, కాని స్టీరియోలో సబ్ లెవెల్ ఆరు డెసిబెల్స్ తగ్గించి పెట్టుకోండి. ఆరు డెసిబెల్స్ అంటే పవరు పావు వంతుకి పడిపోతుంది, బేస్ తగ్గినట్టు తెలుస్తుంది. ఆ ఫ్యూజు పోతే పెద్దది వేయకండి, మాకు ఫోన్ చేయండి.

40 ఎందుకో చెప్పాలి. ఫ్యూజు పెట్టేది ఆంప్‌ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. ఆంప్‌కి దాని ఫ్యూజులు దానికే ఉంటాయి. బ్యాటరీకి మూరెడు దూరంలోపే మేము పెట్టే ఫ్యూజు వైరు కోసం. 4 గేజి రాగికి 100 ఆంపియర్లు సరైన లెక్క. 8 గేజి అల్యూమినియానికి 40 మించకూడదు. వైరు సీటు రైలు కింద నలిగి బాడీకి పూర్తిగా తగిలితే ఎలాగూ వందల ఆంపియర్లు లాగి ఆ 100 ఫ్యూజు కూడా పోతుంది. భయపడాల్సింది అరకొరగా తగిలే షార్టుకి. అందులో 80, 90 ఆంపియర్లు నిలకడగా పారుతుంటే 100 ఫ్యూజు కదలదు, మెదలదు. ఈలోగా కార్పెట్ కింద వైరు తొడుగు కరగడం మొదలవుతుంది. అందుకే మొదట ఫ్యూజు, తర్వాతే వైరు.

ఇది బయటపడింది మధురవాడ నుంచి వచ్చిన ఒక హ్యాచ్‌బ్యాక్‌లో. 12 అంగుళాల సబ్‌కి 500 వాట్ల మోనో ఆంప్, డోర్లకి 60 వాట్ల చొప్పున నాలుగు ఛానెళ్ల ఆంప్. పెట్టిన కొత్తలో బాగున్న బేస్ మెత్తబడిందని, అంతే వాల్యూములో క్లిప్ లైటు (ఆంప్ తన శక్తికి మించి పనిచేస్తోందని చెప్పే లైటు) వెలుగుతోందని కంప్లైంటు. ఇంజను ఆన్‌లో ఉంచి, టెస్ట్ టోను పెట్టి కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.7 వోల్టులు, ఆంప్ దగ్గర 12.0. క్లాంప్ మీటరులో 76 ఆంపియర్లు. 1.7 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఎవరైనా ముందు ఎర్తునే, అంటే ఆంప్ నల్ల వైరు కారు బాడీకి కలిసే చోటునే అనుమానిస్తారు, నూటికి తొంభైసార్లు తప్పు అక్కడే ఉంటుంది. పెయింటు గీకకుండా బోల్టు బిగిస్తారు, లేదా సీటు బెల్టు బోల్టుకే లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొన) తగిలించేస్తారు. ఇక్కడ ఎర్తు వైపు కొలిస్తే పోయేది 0.1. ఫ్యూజు డబ్బీ, లగ్గులు కలిపి 0.2. మిగతా 1.4 మొత్తం ఎర్ర వైరులోనే. అయిదున్నర మీటర్ల అసలు 4 గేజి రాగిలో అది 0.35 దాటకూడదు.

డోరు కింద ప్లాస్టిక్ పట్టీ ఎత్తి వైరు పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. ఫ్యూజు డబ్బీలో స్క్రూ పావు చుట్టు వదులైంది. వైరు లాగి చూస్తే కోసిన చివర పోగుల మీద తెల్లటి పొడి, సున్నం రాసినట్టు. రాగి ఎప్పుడూ అలా తెల్లబడదు, నల్లబడుతుంది లేదా ఆకుపచ్చగా మారుతుంది. స్క్రూ కింద నొక్కిపెట్టిన అల్యూమినియం కొన్నాళ్లకి నెమ్మదిగా నలిగి జారుతుంది, అందుకే పట్టు వదులవుతుంది. పైన రాగి, లోపల అల్యూమినియం, వాటికి మన విశాఖ ఉప్పుగాలి తోడైతే కోసిన చోట తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

ఆ తర్వాత షాపులో మిగిలిన ముక్క తీశాం. బయట తొడుగుతో కలిపి 9.5 మిల్లీమీటర్లు, చేత్తో పట్టుకుంటే 4 గేజి అనే అనిపిస్తుంది. తొడుగు కోస్తే లోపల పోగుల కట్ట 4 మిల్లీమీటర్లు కూడా లేదు, మిగిలిందంతా ప్లాస్టిక్కే. ఒక మీటరు తొడుగు ఒలిచి పక్క కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద పెడితే 28 గ్రాములు తూగింది. అసలు 4 గేజి రాగి మీటరుకి 190 గ్రాముల దాకా రావాలి. ఒక పోగు బ్లేడుతో గీకితే ఎర్ర పొర పోయి వెండి రంగు బయటపడింది. ఇంకో పోగు లైటరు మంటలో పెడితే ముడుచుకుని, చివర గుండులా అయి రాలిపోయింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి. అదే మంటలో రాగి పోగు ఎర్రబడి నిలబడింది. నల్లటి ఎర్తు వైరు పాత స్టాకులోది, దాన్నీ తూచాం, అది రాగే. స్పీకరు వైర్లకు కూడా ఏ సమస్యా లేదు.

ఇప్పుడు సరుకు ఇచ్చినాయన సంగతి. ఆరేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాం. గేజి అడిగి, కాయిల్ విప్పి, కోసి చూసి కొన్న రోజులున్నాయి, ఎప్పుడూ తేడా రాలేదు. ఈసారి 50 మీటర్ల కాయిల్స్ రెండు వచ్చాయి. అదే రంగు, అదే అచ్చు, అదే స్టిక్కరు. కోసి చూడలేదు. చూడాల్సింది, ఆ తప్పు మాదే. కాని ఫోన్ చేస్తే ఆయన అన్న మాట మాత్రం మింగుడుపడటం లేదు. ‘వైరు మీద 4 గేజి అని ఉంది కదా, ఏడబ్ల్యూజీ అని లేదు కదా, రాగి అని బిల్లులో ఎక్కడ రాశాం?’ అన్నారు. తీసి చూస్తే నిజంగానే లేదు. ‘పవర్ కేబుల్ 4జి, ఎరుపు’ అని మాత్రమే ఉంది. ఏడబ్ల్యూజీ అంటే అమెరికన్ వైర్ గేజి, వైరు సైజుకి ఖాయమైన కొలత. 4 ఏడబ్ల్యూజీ అని రాస్తే 21 చదరపు మిల్లీమీటర్లు ఉండి తీరాలి. ఒట్టి గేజి అంటే ఏ కొలతకీ కట్టుబడినట్టు కాదు. ఆ తేడా తెలిసినవాళ్లే ఆ మాట తీసేస్తారు. తర్వాత ఆయనే మళ్లీ ఫోన్ చేశారు. రెండు కొత్త కాయిల్స్ ఉచితంగా పంపుతాను, ఈ విషయం బయట అనొద్దు, నడుస్తున్న బండ్లని కెలకొద్దు అన్నారు. వద్దన్నాం. ఆయన సరుకు ఉచితంగా ఇచ్చినా ఇక మన షాపు గడప దాటదు. కోసిన కాయిల్ వాపసు తీసుకోరట, తీసుకుంటానన్నా ఇవ్వం. మిగిలిన ఎనిమిది మీటర్లు కౌంటరు దగ్గర వేలాడదీశాం, పక్కనే అసలు రాగి ముక్క, ఒక కాటా. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఎక్కువ రోజులు తేల్చుకోలేకపోయింది మాత్రం ఇంకొకటి. 40 ఫ్యూజు వేస్తే ప్రమాదం తీరిపోతుంది. నిజం చెప్పాలంటే పాటలు వినేటప్పుడు 76 ఆంపియర్లు నిలకడగా రావు, సగటున మూడో వంతు కూడా ఉండదు. బేస్ కొట్టిన క్షణాల్లోనే అంత లాగుతుంది. కాబట్టి ఫ్యూజు మార్చి, గెయిను తగ్గించి, ‘మీ ఆంప్ మంచి కోసం కాస్త తగ్గించాం’ అని చెప్పి పంపిస్తే పదిమందిలో తొమ్మిది మందికి తేడా తెలియదు. ఈ సలహా ఇచ్చినవాళ్లు మన మంచి కోరేవాళ్లే. వైరు మార్చడమంటే కారుకి అయిదారు గంటల పని, రాగి ఖర్చు, 17 రోజులు కొత్త ఆడియో పనుల ఆదాయం లేకపోవడం. ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, షెడ్డు అద్దె ఆగవు. అయినా 500 వాట్లకి డబ్బులు తీసుకుని 125 వాట్లు వినిపించడం మోసమే అవుతుంది. ‘ఆన్‌లైన్‌లో కిట్ సగం ధరకే వస్తుంది, మీ దగ్గర ఎందుకింత’ అని అడిగినవాళ్లకి, ఆ కిట్లలో వైరు అల్యూమినియం, మేము వేసేది రాగి అని ఇన్నాళ్లూ చెప్పింది మేమే. ఆ మాట మీద నమ్మకంతో వచ్చినవాళ్ల కార్లలోనే ఆ వైరు ఉందంటే ఊరుకోలేం. మార్చి తీరతాం.

ఇక వేసే వైరు. కార్ ఆడియో పేరుతో వచ్చే వైరు ఇక కొనం. 25 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ తెచ్చాం, వేడికి, నూనెకి, మంటకి తట్టుకునే తొడుగున్నది. 4 గేజి కంటే కొంచెం ఎక్కువే. వెల్డింగ్ కేబుల్లో కూడా అల్యూమినియం రకం అమ్ముతారు, అందుకని ప్రతి కాయిల్ నుంచి మీటరు ముక్క ఒలిచి తూచాకే వాడతాం. రాగి 220 గ్రాములకు తగ్గితే ఆ కాయిల్ వెనక్కి పోతుంది. బిల్లులో ‘25 స్క్వేర్ ఎంఎం, రాగి’ అని రాయించుకోకుండా డబ్బు ఇవ్వం, మీకిచ్చే బిల్లులోనూ అలాగే రాస్తాం.

లగ్గులు తగరం పూత ఉన్న రాగివి, 25 స్క్వేర్ ఎంఎం వైరుకి సరిపోయేవి, 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నవి. హైడ్రాలిక్ క్రింపరుతో ఆరు పలకలుగా నొక్కుతాం. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు చూడటానికి బాగుంటుంది, లోపల సగం పోగులు వదులుగా ఉండిపోతాయి. పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టే తొడుగు). కొన్ని ఆంప్‌ల టెర్మినల్‌లో ఇంత లావు వైరు పట్టదు. అప్పుడు పోగులు కత్తిరించి సన్నం చేయడం చాలాచోట్ల చూస్తాం, అది మళ్లీ వైరు సైజు తగ్గించినట్టే. మేము సన్నటి మొన ఉన్న పిన్ లగ్గు వేసి ఎక్కిస్తాం. ఇంజను వైపు నుంచి లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రామెట్, బానెట్ కింద అంతా ముడతల పైపు. వైరు దారి ఆర్సీఏ కేబుల్స్‌కి (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేవి) రెండో వైపే.

కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ మీద ఒక సెన్సారు ఉంటుంది, స్టార్ట్ స్టాప్ ఉన్నవాటిలో మరీ. ఎర్తు నేరుగా ఆ పోస్టుకి తగిలిస్తే ఆంప్ లాగే కరెంటు సెన్సారు లెక్కలోకి రాదు, ఛార్జింగ్ తప్పుతుంది. అందుకని బాడీ ఎర్తే తీసుకుంటాం. ముందు సీటు తీయాల్సి వస్తే బ్యాటరీ మైనస్ విప్పి పది నిమిషాలు ఆగి అప్పుడే పసుపు రంగు కనెక్టరు ముట్టుకుంటాం, అది ఎయిర్‌బ్యాగుది. పని అయ్యాక గడియారం, స్టేషన్లు, పవర్ విండో ఆటో సెట్టింగు మళ్లీ పెట్టి ఇస్తాం. ఏదైనా మర్చిపోతే అక్కడే అడగండి.

బండి ఇచ్చేముందు మీ ఎదురుగానే టోను పెట్టి మూడు అంకెలు కొలుస్తాం. బ్యాటరీ దగ్గర వోల్టులు, ఆంప్ దగ్గర వోల్టులు, ఆంపియర్లు. వాటిని కార్డు మీద రాసి డాష్‌బోర్డు అరలో పెడతాం. రెండు వోల్టేజీల మధ్య తేడా 0.7 దాటితే బండి షాపులోంచి కదలదు. ఇక మీదట ప్రతి కొత్త పనికీ ఈ కార్డు ఉంటుంది. మీరు ఏడాది తర్వాత ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా అదే కొలిపించి పోల్చుకోవచ్చు.

వరుస ఇలా పెట్టాం. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్న కార్లు ముందు. ఆ తర్వాత అరకు ట్రిప్పులు తిరిగే టాక్సీలు. తర్వాత పెద్ద ఆంప్ ఉన్నవి, చివరగా మిగతావి. రోజుకి ఒక్క కారే. పొద్దున 10 నుంచి 1 దాకా బ్యాటరీలు, హారన్లు, రివర్స్ కెమెరాల పని మామూలుగానే ఉంటుంది, ఒంటిగంట నుంచి షెడ్డంతా ఈ 17 కార్ల పనికే. ఆదివారం కూడా తెరుస్తాం. తొందర పెట్టి రోజుకి రెండు చేయమని అడగకండి, చేయం.

కస్టమ్ బాక్సుల కోసం అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న ముగ్గురికీ విడిగా ఫోన్ చేశాం. ప్లైవుడ్ కోసి ఉంది, మీ వంతు వచ్చేసరికి మూడు వారాలు పడుతుంది. ఆగలేకపోతే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తాం, మొహమాటపడొద్దు. కొత్త కొటేషన్లలో వైరు ధర పెరుగుతుంది, అది విడిగా ఒక వరుసలో కనిపిస్తుంది. అందులో బేరం ఉండదు. స్పీకరు తక్కువది తీసుకోండి, ఆంప్ చిన్నది తీసుకోండి, వైరు దగ్గర మాత్రం తగ్గించమని అడగొద్దు.

ఈలోగా కారు అమ్మేసినవాళ్లుంటే కొన్నవాళ్ల నంబరు ఇవ్వండి, వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పాత బిల్లు లేకపోయినా పర్వాలేదు, మా రిజిస్టరులో బండి నంబరు ఉంది. వచ్చేటప్పుడు డిక్కీ ఖాళీ చేసి, వెనక సీటు మీద సామాన్లు తీసేసి రండి. ఆ అరగంట కూడా మాకు పనికొస్తుంది.