వచ్చినవాళ్ల చేత మాట్లాడించడం

ఒరేయ్ మిత్రమా,

రేడియోలో అతిథుల్ని ఇంటర్వ్యూ చేసే పని నీకప్పగించారని చదివి ఎంత సంతోషమేసిందో! ప్రశ్నల జాబితా ఎంత పొడుగుండాలని అడిగావు కదా, అక్కణ్నుంచే మొదలెడతాను. 15 నిమిషాల కార్యక్రమానికి ఐదారు ప్రశ్నలు చాలురా. ఇరవై రాసుకెళ్తే, అతిథి జవాబు చెబుతున్నంతసేపూ నీ కళ్లు తర్వాతి ప్రశ్న మీదే ఉంటాయి. ఓ పడవ నడిపే ఆయన వచ్చాడనుకో. మాటల మధ్యలో "ఆ తర్వాత రెండేళ్లు పడవ ముట్టుకోలేదు" అనేసి ముందుకెళ్లిపోతాడు. వింటున్న ప్రతివాళ్లకీ "అయ్యో, ఎందుకని?" అనిపిస్తుంది. నువ్వేమో కాగితం చూసి "మీ బాల్యం గురించి చెప్పండి" అంటావు. అంతే, వినేవాళ్లు నీ చెయ్యి వదిలేస్తారు. తర్వాతి ప్రశ్న ఆయన ఇప్పుడే అన్న మాటలోంచి రావాలి. కాగితం దారి తప్పినప్పుడు చూసుకోడానికే.

ఒకసారికి ఒక్కటే అడుగు. "ఎలా మొదలైంది, ఇంట్లో ఏమన్నారు, ఇప్పుడెలా ఉంది?" అని మూడూ కలిపేస్తే, వాటిలో తేలికైనదానికి జవాబిచ్చి ఊరుకుంటారు. "కష్టంగా ఉండేదా?" అంటే "అవునండీ" దగ్గర ఆగిపోతుంది. "ఆ రోజు పొద్దున్నే లేచి ముందు ఏం చేశారు?" అని అడిగి చూడు. అభిప్రాయం చెప్పడం కంటే జరిగింది చెప్పడం ఎవరికైనా సులువు. "మీకెలా అనిపించింది?" మాత్రం వద్దురా బాబూ. దానికి లోకమంతా "చాలా ఆనందంగా ఉందండీ" అనే అంటుంది.

జవాబు అయిపోయిందనిపించగానే అందుకోకు. ఆయన మొహంలోకే చూస్తూ మనసులో మూడు లెక్కపెట్టు. ఆ ఖాళీ భరించలేక ఆయనే ఇంకో మాట అంటాడు, చాలాసార్లు అసలు సంగతి అందులోనే ఉంటుంది. ఆ కాసేపట్లో నువ్వు కాగితం తిప్పావంటే ఇక చాలన్నావని అనుకుని ఆగిపోతాడు. లైవ్‌లో మాత్రం మూడు దాటనివ్వకు, ప్రసారం ఆగిపోయిందని స్టేషన్ మార్చేస్తారు.

ఇంకోటి, ఊ కొట్టడం. మామూలు మాటల్లో ఊ కొట్టకపోతే ఎదుటివాళ్లు ఆగిపోతారు. మైకు ముందు మాత్రం నీ "ఊ" వాళ్ల మాట మీద పడి, తర్వాత ఎడిటింగ్‌లో తీద్దామన్నా రాదు. తలూపు చాలు. "నేను పైకి అనను గానీ వింటూనే ఉంటానండీ" అని ముందే చెప్పు, లేకపోతే నీకు నచ్చలేదని బెంగపడతారు.

రికార్డింగ్‌కి ముందు పిచ్చాపాటీ మాట్లాడు గానీ అడగబోయేవి అడిగేయకు. అడిగావా, లోపల ప్రతి జవాబూ "ఇందాక చెప్పాను కదా" అని మొదలవుతుంది. ఆ ఇందాకటిది విన్నది నువ్వొక్కడివే. రెండోసారి చెప్పేటప్పుడు ఉత్సాహమూ సగమైపోతుంది.

మైకు నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి పెట్టు. సూటిగా ఉంటే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి తగిలి టప్ టప్‌మంటుంది. దూరమైతే గది మోత వస్తుంది. లెవెల్, అంటే గొంతు ఎంత గట్టిగా రికార్డవుతోందో చూడ్డానికి "హలో హలో" అనిపించకు, అలా అనేటప్పటి గొంతు వేరు, మాట్లాడేటప్పటి గొంతు వేరు. "ఇక్కడికి ఎలా వచ్చారు?" అని అడిగి మీటరు చూడు. మామూలు మాటకి మైనస్ 18, మైనస్ 12 డెసిబెల్స్ మధ్య ఆడితే, గట్టిగా నవ్వినా ఇబ్బంది ఉండదు. మీటరు పై హద్దు సున్నా, దానికి తగిలి పగిలిన గొంతుని ఆనక పూర్తిగా బాగుచేయడం ఎవరి తరమూ కాదు. గాజులు, తాళంచెవులు, కిర్రుమనే కుర్చీ, బల్ల మీద వేళ్లతో తాళం... అన్నీ వినిపిస్తాయి. ఫోన్ సైలెంట్‌లో పెడితే సరిపోదు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టించు. సిగ్నల్ వైరులోకి ఎక్కి బర్రుమంటుంది.

ఆయన చేతులు చాపి "ఇంత చేప!" అన్నాడనుకో, రేడియోలో ఆ "ఇంత" ఎవరికీ కనపడదు. వెంటనే "అంటే మూరెడుందా?" అని అందుకో. మధ్యలో కలిసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి నాలుగైదు నిమిషాలకోసారి ఆయన పేరూ పనీ ప్రశ్నలోనే కలిపి చెప్పు.

మాట ఆపని అతిథి వస్తే ఊపిరి తీసుకునే చోటు కోసం కాచుకో. అక్కడ ఆయన మాటే పట్టుకుని "వరద అన్నారు కదా, ఆ రాత్రి..." అంటూ దూరు. తన మాటే కాబట్టి నొచ్చుకోడు.

ధన్యవాదాలు చెప్పాక గబుక్కున లేవకు. ఎవరూ మాట్లాడకుండా ఓ అర నిమిషం ఖాళీ గది రికార్డు చెయ్యి, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది. రికార్డర్ ఆపగానే ఆయన హాయిగా వెనక్కి వాలి ఏదో గొప్ప సంగతి చెప్పాడంటే, "ఇది కూడా చెబుతారా?" అని అడిగి, ఒప్పుకుంటేనే మళ్లీ నొక్కు.

మొదటి రికార్డింగ్ కత్తిరించకుండా, మొత్తం పంపించు. కూర్చుని వింటాను.

నీ
నేస్తం