ఎక్కడానికే పందెం

అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. వాయిస్ మెసేజ్ పెడదామంటే మధ్యలో దగ్గొస్తోంది, పైగా మీ అమ్మ పక్కనుంచి సవరణలు చెబుతోంది. అందుకే కాగితం మీద రాసి, ఎదురింటి కుర్రాడితో ఫోటోలు తీయించి పంపుతున్నాను. నా రాత అర్థం కాకపోతే అల్లుడుగారికి చూపించు. ఫార్మసీలో రోజూ డాక్టర్ల రాత చదివే మనిషి కదా, ఆయనకిదో లెక్క కాదు.

నీకేమో రేసు కారులా పోయే పెద్ద ఎస్‌యూవీ, ఆడీ ఆర్ఎస్ క్యూ8 కావాలి, ఆయనకి అదే కంపెనీ మామూలు క్యూ7 చాలు. మధ్యలో నన్ను పెద్దమనిషిని చేశారు. ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాడు లక్ష డాలర్లు దాటిన బండి మీద తీర్పు చెప్పడమేమిటని మీ అమ్మ నవ్వుతోంది. నవ్వనీ. బరువైన బండి కొండ దిగుతుంటే దాని లోపల ఏం జరుగుతుందో ఆ షోరూం అబ్బాయికంటే నాకే ఎక్కువ తెలుసు.

ముందు ఆ వీడియో సంగతి. జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్, 20.832 కిలోమీటర్ల రేసు ట్రాక్. అడవిలో అన్ని మలుపులు, ఎత్తుపల్లాలు. 2019లో మీ ఆర్ఎస్ క్యూ8 దాన్ని 7 నిమిషాల 42 సెకన్లలో చుట్టి ఎస్‌యూవీల్లో రికార్డు కొట్టింది. 2021లో పోర్షే వాళ్ళ కయెన్ టర్బో జీటీ ఆ రికార్డుని 7 నిమిషాల 38.9 సెకన్లకు దించింది. ఆడీ వాళ్ళు ఊరుకోలేదు, 2024లో ఆర్ఎస్ క్యూ8 పెర్ఫార్మెన్స్‌తో 7 నిమిషాల 36.7 సెకన్లు చేశారు. లెక్కేశాను, సగటున గంటకు 164 కిలోమీటర్లు. మలుపుల్లో కూడా కలిపి! 2,300 కిలోల బండితో! ముచ్చటేయలేదంటే అబద్ధం. ఆ డ్రైవర్ చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. స్టీరింగ్‌తో పోట్లాడడు, అడిగినట్టు తిప్పుతాడు.

అయితే ఆ రెండు కంపెనీలూ కొట్టుకుంటున్నది రెండు సెకన్ల పైచిలుకు కోసం. చిన్నదాన్ని కార్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టడానికి నీకు రెండు నిమిషాలు పడుతుంది.

మీ కొలరాడోలో పైక్స్ పీక్ కొండకి వెళ్ళిన రోజు గుర్తుందా? మేం వచ్చినప్పుడు మీ పాత మినీవ్యాన్‌లో వెళ్ళాం. నువ్వే నడిపావు. 14,115 అడుగుల పైన మీ అమ్మకి ఊపిరాడక డోనట్ కూడా సగంలో వదిలేసింది. దిగేటప్పుడు నేను ముందు సీట్లోనే ఉన్నాను. నాలుగైదు మలుపులు తిరిగేసరికి ముక్కుకి తగిలింది ఆ వాసన. నీకూ అల్లుడుగారికీ అది ఏదో కాలిన రబ్బరు వాసన. నాకది డోర్నాల ఘాట్ వాసన. నీ కాలు బ్రేక్ మీదే ఉంది, గేరేమో కిందికి దించకుండా మామూలు 'డి' (డ్రైవ్) లోనే ఉంది. చెబుదామనుకున్నాను గానీ, పిల్లల ముందు నీకు డ్రైవింగ్ పాఠం చెప్పడమెందుకని నోరు మూసుకున్నాను. అది నా తప్పే.

దిగే దారిలో గ్లెన్ కోవ్ దగ్గర రేంజరమ్మ ఆపింది. చేతిలో చిన్న పిస్తోలు లాంటి పరికరం. దాన్ని ముందు చక్రానికి గురిపెట్టి అంకె చూసింది. మీ బ్రేకులు బాగా వేడెక్కాయి, పక్కన పెట్టి చల్లారనివ్వండి, ఆ తర్వాత కింది గేర్‌లో దిగండి అంది. అరగంట కూర్చున్నాం. మీ అమ్మ సంచిలోంచి చేగోడీలు తీసింది. నువ్వు మాత్రం మొహం మాడ్చుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నావు.

అదే కొండ మీద ఏటా పందెం జరుగుతుందని ఆ అరగంటలోనే నువ్వు చెప్పావు. దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు. ఎస్‌యూవీల్లో 2018లో బెంట్లీ బెంటేగా 10 నిమిషాల 50 సెకన్లలోపు ఎక్కేసింది. 2022లో లంబోర్గిని ఉరుస్ పెర్ఫార్మాంటె, పందెం రోజున కాకుండా విడిగా ఎక్కి, దాన్ని 10 నిమిషాల 32 సెకన్లకు తెచ్చింది. అప్పుడు నాకొచ్చిన అనుమానం ఇప్పుడు అడుగుతున్నాను. దిగే పందెం ఎందుకు పెట్టరమ్మా? ఎక్కేటప్పుడు బరువు ఇంజన్‌కి భారం. 600 గుర్రాల ఇంజన్ ఉంటే ఆ భారం లెక్కలోకి రాదు. దిగేటప్పుడు ఆ బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అక్కడ గుర్రాలు ఎన్నున్నా పనికిరావు.

నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు పుట్టక ముందు మాట. శివరాత్రి స్పెషల్. శ్రీశైలం నుంచి డోర్నాల దిగుతున్నాను, బస్సులో కాలు పెట్టే చోటు లేదు. వెనక ఇంకో బస్సు, దాని డ్రైవరూ నేనూ ఒకే వయసువాళ్ళం. వాడికంటే ముందు డోర్నాల చేరాలని నా పంతం. ఏ గేర్‌లో ఎక్కితే ఆ గేర్‌లోనే దిగాలని నేర్పినవాళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. అయినా మూడో గేర్‌లో వదిలేసి, కాలు బ్రేక్ మీద పెట్టి లాగించాను. బ్రేకు లైనర్ కాలిన వాసన లేచింది. ఆ తర్వాత మలుపులో బ్రేక్ నొక్కితే బస్సు బరువుగా మూలిగింది తప్ప తగ్గలేదు. బ్రేకు డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తే లైనర్‌కి దూరమవుతుంది, ఎంత తొక్కినా పట్టు దొరకదు. ఎలాగో రెండో గేర్‌లో వేసి, కొండ వైపు గట్టుకి ఆనించి ఆపాను. కండక్టర్ దూకి చక్రాలకి రాళ్ళు పెట్టాడు. ఒకాయన బిందెతో నీళ్ళు తెచ్చి డ్రమ్ము మీద పోయబోతే అడ్డం పడ్డాను, కాలిన ఇనుము మీద నీళ్ళు పోస్తే పగులుతుంది. గంట సేపు అక్కడే. ఆ రెండో బస్సు డ్రైవర్ హారన్ కొట్టి నవ్వుతూ దాటిపోయాడు. ఎవరికీ గీత పడలేదు, మల్లన్న దయ.

అందుకే ట్రాక్ గురించి నువ్వూ అల్లుడుగారూ వాదించుకున్న తీరు నాకు నచ్చలేదు. ఫ్యామిలీ బండికి ట్రాక్ ఏమిటి, అది డబ్బున్నవాళ్ళ వేషం అంటాడాయన. నేనలా అనను. ఆ 7 నిమిషాల 36 సెకన్లలో నాకు పనికొచ్చేది ఆ అంకె కాదు, ఆ బ్రేకులు. 160కి పైన పోయి ఆగి, మళ్ళీ పోయి మళ్ళీ ఆగి, చివరి మలుపులో కూడా మొదటి మలుపులో లాగే పట్టిన బ్రేకులు. వేగం రెట్టింపైతే బ్రేక్ మింగాల్సిన వేడి నాలుగు రెట్లు. బరువు పెరిగితే దానికి తగ్గట్టు ఇంకా. చిన్న కారు కంటే పెద్ద బండికే ఆ పరీక్ష ఎక్కువ అవసరం. ఆర్ఎస్ క్యూ8కి దొరికే సిరామిక్ బ్రేకు డిస్కులు ముందు చక్రాలకి 440 మిల్లీమీటర్లట. మీ అమ్మ అట్లకాడతో దోసె తిప్పే పెనం కంటే పెద్దవి! అవి కావాలని అనడం లేదు. మార్చాల్సి వస్తే వాటి ధర చూసి గుండె ఆగుతుంది. కింది గేర్‌లో దిగడం నేర్చుకుంటే మామూలు ఇనప డిస్కులు మీకు చాలు. స్టీరింగ్ వెనక, గేర్ కిందికి దించే ఎడమ చేతి రెక్క ఎందుకుందనుకుంటున్నావు?

ఇంకోటి. మలుపులో ఒరిగిపోకుండా పట్టి ఉంచే మోటార్ల స్టెబిలైజర్ గురించి నువ్వు చెప్పింది శ్రద్ధగా విన్నాను. నేరుగా పోయేటప్పుడు ఎడమ కుడి చక్రాల్ని కలిపే కడ్డీని రెండు ముక్కలుగా వదిలేస్తుంది, మలుపులో ఆ రెండిటినీ మెలిపెట్టి బండిని నిలబెడుతుంది. భలే ఆలోచన. ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యేది స్పీడు వల్ల కాదు, అటూ ఇటూ ఊగడం వల్ల. మన చిన్నదానికి ఆ బాధ ఉంది కదా. ఆ జర్మనీ ట్రాక్ మీద సెకన్లు తగ్గించే ఆ సామానే వెనక సీట్లో పిల్లకి కడుపులో తిప్పకుండా కాపాడుతుంది. దానికి డబ్బులు పెట్టు, వద్దనను.

టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను అల్లుడుగారి పక్షం. నువ్వు ముచ్చటపడుతున్న 23 అంగుళాల చక్రానికి 295/35 టైరు. లెక్కేస్తే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు నాలుగు అంగుళాలే. క్యూ7కి వచ్చే 19 అంగుళాల టైరులో అది అయిదున్నర. మంచు కరిగాక మీ డెన్వర్ రోడ్ల మీద ఎలాంటి గుంటలు పడతాయో మార్చిలో చూశాను. ఒక్క గుంట చాలు, రిమ్ము సొట్టపోతుంది. పైగా సమ్మర్ టైర్లతో తీసుకుంటే 7 డిగ్రీల కింద ఆ రబ్బరు గట్టిపడుతుంది. మీ ఐ-70 హైవే మీద సెప్టెంబర్ నుంచి మే దాకా ట్రాక్షన్ లా, అంటే మంచులో పట్టు ఉండే టైర్లు ఉండాలనే చట్టం, ఉందని చెప్పింది నువ్వే. నాలుగు చక్రాలకీ పవర్ ఉన్నా టైరు గాడి 3/16 అంగుళం ఉండాల్సిందే. రికార్డు కొట్టిన రోజు ఆ బండికి ఎండా, పొడి రోడ్డూ, మెత్తటి రబ్బరూ ఉన్నాయి. నీకు జనవరిలో, ఆ హైవే సొరంగం ముందు, పిల్లలిద్దరూ వెనక నిద్రపోతూ ఉంటారు.

ఏడాదికోసారి ట్రాక్‌కి తీసుకెళ్తానన్నావు. బాగుంది. ముందు ఆ క్లబ్బులకి ఫోన్ చేసి అడుగు. ఎత్తైన బండ్లు పల్టీ కొడతాయని చాలాచోట్ల రానివ్వరట కదా. ఇన్సూరెన్స్ కాగితాల్లో ట్రాక్ గురించి ఏం రాసుందో కూడా చదివించుకో.

సీట్ల సంగతి చివరికి పెట్టాను, నా స్వార్థం అనుకోకు. ఆర్ఎస్ క్యూ8లో అయిదుగురే. మీరు నలుగురు. మేం జూన్‌లో వస్తున్నాం. మీ అమ్మ డిక్కీలో కూర్చోనంటోంది.

ఎస్‌క్యూ7 అని ఒకటుంది, చూశారా? అదీ అదే కుదురు మీద కట్టిన బండి, దానికీ వీ8, 500 గుర్రాలు. మూడు వరసల సీట్లు. ఆ స్టెబిలైజర్ దానికి వేయించుకోవచ్చేమో షోరూంలో అడుగు. చక్రాలు మాత్రం ఉన్నవాటిలో చిన్నవి అడుగు, ఆ కుర్రాడు పెద్దవే బాగుంటాయంటాడు, వినకు.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కర్తివే వెళ్ళకు. చిన్నదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, కొండ కింద ఉన్న మారిసన్ ఊరి నుంచి పైకి ఎక్కి, అదే దారిలో కింది గేర్‌లో దిగు. బ్రేక్ ఎన్నిసార్లు తొక్కావో లెక్కపెట్టుకో. కిందకొచ్చాక చిన్నది ఏమందో నాకు రాయి.

మాగాయ పార్సిల్ సోమవారం వేశాం.

మీ నాన్న