డాబా మీద ఒక్క తీగ కట్టుకోనివ్వండి

సంపాదకులకు,

నేను లైసెన్సు ఉన్న హ్యామ్ రేడియో ఆపరేటర్‌ని, అంటే సరదాగా సొంత రేడియో సెట్టుతో దూరప్రాంతాల వాళ్లతో మాట్లాడేవాణ్ణి. డాబా మీద యాంటెన్నా కట్టుకుంటానని మా అపార్ట్‌మెంట్ సంఘాన్ని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ కుదరదనే అన్నారు. యాంటెన్నా అనగానే వాళ్ల కళ్ల ముందు సెల్ టవర్ మెదిలినట్టుంది. నేను అడిగింది బట్టలారేసే తీగకన్నా సన్నటి రాగి తీగ.

ఇరుకు స్థలంలో అసలు చిక్కు తక్కువ ఫ్రీక్వెన్సీలతోనే. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ తీగ పొడుగవుతుంది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు, అంటే మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా లాగిన తీగకు, 20 మీటర్లు చాలు. 3.6 దగ్గర దాదాపు 40 మీటర్లు కావాలి. 1.8కి వస్తే 80 మీటర్లకు దగ్గర పడుతుంది. అంత డాబా ఎవరికుంటుంది? అందుకే తీగను వంచుతాం. మధ్యలో ఒక గొట్టం నిలబెట్టి రెండు కొసలూ కిందికి దించితే అది ఇన్వర్టెడ్ వీ. కొంత నిలువుగా ఎత్తి, మిగతాది అడ్డంగా లాగితే ఇన్వర్టెడ్ ఎల్. దీనికి కింద నాలుగు వైపులా రేడియల్ తీగలు కూడా పరవాలి, లేకపోతే పవర్‌లో చాలా భాగం నష్టమైపోతుంది. నన్నడిగితే చిన్న డాబాకు ఇన్వర్టెడ్ వీయే నయం. చోటు చాలక కొసలు పక్కకు తిప్పినా బాగానే పనిచేస్తుంది.

అనుమతి దొరకనివాళ్లు యాంటెన్నాను ఇంట్లోనే పెట్టుకుంటారు. నేనూ అదే చేశాను. ముందు గది పైకప్పు వెంట తీగ లాగాను. వారం తిరక్కుండానే పక్కింటావిడ వచ్చి, "మీరు రేడియోలో మాట్లాడినప్పుడల్లా మా స్పీకర్లు గరగరమంటున్నాయండీ" అన్నారు. తప్పు ఆవిడది కాదు. ఆ తీగకు మూరెడు దూరంలోనే గోడలో కరెంటు వైరింగు ఉంది. తీసేసి, రాగి గొట్టాన్ని మీటరు వెడల్పు చుట్టుగా వంచి బాల్కనీలో లూప్ యాంటెన్నా పెట్టాను. 3.6 దగ్గర అంత చిన్న లూప్‌కి 100 వాట్లు ఇస్తే తరంగాలుగా బయటికి వెళ్లేది మహా అయితే 2 వాట్లు, మిగతాదంతా వేడే. పైగా దాని కెపాసిటర్ మీద వేల వోల్టులు ఉంటాయి. పిల్లలు తిరిగే బాల్కనీలో అది నాకే టెన్షన్. ఇక ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు రేడియోలో రేపే రొద వల్ల నాకు అవతలివాళ్ల మాట సగం వినపడదు. డాబా మీద వద్దనడం వల్ల ఇబ్బంది తప్పలేదు, పక్కింటి గోడ దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఎత్తు లేదన్న బెంగ కూడా అక్కర్లేదు. తక్కువ ఎత్తున కట్టిన తీగ 3.6, 7 మెగాహెర్ట్జ్‌లలో సిగ్నల్‌ను దాదాపు నిట్టనిలువుగా పంపుతుంది. అది అయనావరణాన్ని (రేడియో తరంగాలను కిందికి తిప్పి పంపే పై వాతావరణ పొరను) తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. తుఫానుకు సెల్ టవర్లు మూగబోయినప్పుడు ఒక కారు బ్యాటరీతో ఊరూరికీ కబురు అందించగలిగేది ఇలాంటి తీగతోనే.

సంఘాలు షరతులు పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. కరెంటు లైన్లకు దూరంగా, తెగిపడినా వాటి మీద పడనంత ఎడంగా కట్టమనండి. ప్రసారం జరిగేటప్పుడు కొసల దగ్గర వోల్టేజి ఎక్కువ కాబట్టి, చేతికందని ఎత్తులో ఉంచమనండి. పిడుగు రక్షణకు ఎర్తింగు చేయించమనండి. కేబుల్ వెంట రేడియో సిగ్నల్ ఇళ్లలోకి పాకకుండా అడ్డుకునే ఫెరైట్ చోక్ వేయమనండి. మూడు నెలలు చూసి, ఎవరికైనా ఇబ్బందైతే తీయించండి. అసలు చూడకుండానే వద్దనకండి. మా సంఘం సభ్యులు ఒక్క ఆదివారం గంటసేపు ఒప్పుకుంటే తీగ కట్టి చూపిస్తాను. నేను ప్రసారం చేస్తుంటే, వాళ్లు ఇళ్లలో టీవీలూ స్పీకర్లూ పెట్టుకుని వినొచ్చు.

ఇట్లు,
ఒక హ్యామ్ రేడియో ఆపరేటర్