బెల్టు ఉంది సరే, హుక్ దేనికి తగిలించాలి?

ఎడిటర్ గారికి నమస్కారం. మేముండేది కోకాపేటలో, మా బాల్కనీ ఎదురుగానే ఒక టవర్ లేస్తోంది, అంత ఎత్తులో గోవ (పరంజా) మీద హవాయి చెప్పులతో నడిచే కుర్రాళ్లని చూస్తుంటే నాకు కాళ్లు వణుకుతాయి. నడుముకి సేఫ్టీ బెల్టు ఉంటుంది కానీ దాని హుక్ ఊరికే వేలాడుతూ ఉంటుంది. మొన్న టీ కొట్టు దగ్గర ఒక ఒడిశా అబ్బాయిని అడిగితే, తగిలించడానికి పైన తాడే కట్టలేదు అన్నాడు, పాపం ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం తెచ్చారు, వాళ్ల సంక్షేమం పేరుతో బిల్డర్ల దగ్గర నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేస్తున్నారు, మరి హుక్ తగిలించే లైఫ్‌లైన్ తాడు, కింద వల, స్లాబ్ అంచుకి రెయిలింగ్ ఉన్నాయో లేదో ఎవరు చూస్తున్నారండీ? లేబర్ ఆఫీసర్లు చెప్పకుండా వచ్చి, సైట్ ఆఫీసులో కూర్చోకుండా పై అంతస్తు దాకా ఎక్కి చూడాలి, తాడు లేకపోతే ఆ రోజే పని ఆపించాలి.

– ఒక కోకాపేట వాసి, హైదరాబాద్