వెండి కోసం నెగటివ్‌లు అమ్మేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం తెనాలిలో మా వీధి చివర మూతపడిన స్టూడియో సరుకును పాత సామాన్ల వ్యాపారి తూకానికి కొనుక్కుపోతుంటే చూశాను. కెమెరా స్టాండు, రాజమహలు బొమ్మ వేసిన పరదా, నాలుగు గోనెసంచుల నెగటివ్‌లు. ఆ ఫిల్ము నుంచి వెండి తీస్తారు. రంగుల ఫిల్మును కడిగాక అందులో వెండి మిగలదు. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంతా వెండే. అందుకే ఊళ్లోని అన్నిటికంటే పాత ముఖాలు ముందుగా కరిగిపోతున్నాయి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను స్టూడియోలో పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి. నెల తిరగకముందే అవనిగడ్డ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఇల్లు, భార్య, గోడకున్న ఫొటోలు అన్నీ నీళ్లలో పోయాయి. బావమరిది పెళ్లిలో మా గురువుగారు తీసిన గ్రూపు ఫొటోలో ఆమె ఉందన్నాడు. రెండు రోజులు కవర్లన్నీ వెతికాం. 120 సైజు ఫిల్ములో, వెనక వరుసలో, కందిగింజంత ముఖం. "కళ్లు మూసుకుని లేదు కదండీ?" అని అదే అడుగుతున్నాడు. గురువుగారు ఆయన్ను డార్క్‌రూమ్‌లోకే రమ్మన్నారు. ఎర్రలైటు కింద, డెవలపర్ మందు తొట్టిలోని ప్రింటు కాగితం మీద ముందు జుట్టు నల్లబడింది, తర్వాత కనుబొమలు, ఆ తర్వాత తెరిచి ఉన్న రెండు కళ్లు. ఆయన తొట్టి అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ముఖమంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. టచింగ్ చేసి ఆ గరుకు దిద్దుదామని నేను పెన్సిల్ తీస్తే గురువుగారు వద్దని నా చేయి పట్టుకున్నారు.

ఫొటో అంటే ఏమిటో నేను ఆ రోజే నేర్చుకున్నాను.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ గాజు పలకల నెగటివ్‌లు 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రం 1989లో సేకరించి దాచింది. నవాబుల ముఖాలకు దక్కిన ఆ నీడ మన ఊళ్ల రైతులకు, బడిపంతుళ్లకు, పెళ్లికూతుళ్లకు ఎందుకు దక్కకూడదు? జిల్లా గ్రంథాలయాల్లో తేమ తగలని ఒక్క గది కేటాయిస్తే చాలు. ఎవరి ఇంటివారు వారి నెగటివ్ వెతుక్కుని ప్రింటు వేయించుకుంటారు. స్టూడియోలు మూసేస్తున్న సోదరులు సంచులు తూకానికి వేసేముందు దయచేసి ఒక్కసారి గ్రంథాలయంలో అడగండి.

నా దగ్గర పదకొండు ట్రంకు పెట్టెలున్నాయి. ప్రతి కవరు మీదా తేదీ, ఊరు, ఇంటిపేరు రాసి ఉంచాను. గది చూపిస్తే నేనే ఆటోలో వేసుకుని తెచ్చి ఇస్తాను.

- ఒక విశ్రాంత ఫొటోగ్రాఫరు, తెనాలి