స్టాప్ అంటే ఆగమని, మెల్లగా పొమ్మని కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిలో మా ఊరి రోడ్డు కలిసే చోట ఎనిమిది మూలల ఎర్ర బోర్డు ఉంది. దాని మీద ఇంగ్లీషులో ‘స్టాప్’ అన్న ఒక్క మాటే ఉంటుంది. పోయిన నెల అక్కడి టీకొట్టు దగ్గర, పొలం నుంచి బండి మీద వచ్చిన ఒక పెద్దాయనను ఆ బోర్డులో ఏముందని అడిగాను. "ఏదో సర్కారు బోర్డు సారూ, ముందు మలుపు ఉందని కావచ్చు" అన్నారు. రోజూ దాని పక్క నుంచే వెళ్లే మనిషి. ఆయన తప్పేం లేదు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన నేను కూడా ఆ మాటకు స్పెల్లింగ్ నేర్పాను గానీ, రోడ్డు మీద అది ఏం చేయమంటుందో పిల్లలకు చెప్పలేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మాట పుట్టుక వింటే దాని అసలు బలం తెలుస్తుంది. లాటిన్‌లో ‘స్టుప్పా’ అంటే నార పీచు. కన్నాల్లో, సందుల్లో ఆ పీచు కుక్కి బిగించడం నుంచి ఈ క్రియ వచ్చిందని భాషా పండితులు చెబుతారు. పాత ఇంగ్లీషులో దీని అర్థం కన్నం మూయడమే. కదిలేది నిలిచిపోవడం అన్న అర్థం కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చి చేరింది. సీసా బిరడాను ఇప్పటికీ స్టాపర్ అంటారు కదా, అందులో ఆ పాత అర్థం ఉంది. మనం ‘అడ్డుకట్ట వేశారు’ అనేదీ ఇలాంటిదే. నీటికి వేసే కట్ట, ఏ పనినైనా ఆపడానికి మాట అయింది. బిరడా సగమే బిగిస్తే సీసా మూసినట్టు కాదు. స్టాప్ బోర్డు దగ్గర బండి స్లో చేయడమూ అంతే. చక్రం పూర్తిగా నిలవాలి, రెండు వైపులా చూడాలి, ఆ తర్వాతే కదలాలి.

మన నోట ఈ మాట ఎప్పుడో తెలుగైపోయింది. బస్టాపు అంటాం, నాన్‌స్టాప్ అంటాం, గొడవకి ఫుల్‌స్టాప్ పెట్టమంటాం. కానీ బస్సు ఆపడానికి మన కండక్టర్లు అరిచేది ‘హోల్డాన్’, కదలడానికి ‘రైట్ రైట్’. అంటే స్టాపు మనకు బస్సు కోసం నిలబడే చోటు. ఆగమనే ఆజ్ఞగా అది మన చెవికి ఎక్కలేదని నా అభిప్రాయం.

ఈ బోర్డు మొదట 1915లో అమెరికాలోని డెట్రాయిట్‌లో వచ్చింది. అప్పుడది తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. 1923లో ఎనిమిది మూలల ఆకారం ఇచ్చారు. ఎదురుగా వచ్చేవాళ్లు వెనక నుంచి చూసినా అది ఏ బోర్డో తెలుస్తుంది. ఎరుపు మాత్రం 1954లో గానీ రాలేదు. ఎండకూ వానకూ వెలవని ఎర్ర రంగు అంతకు ముందు దొరకక, చాలాకాలం పసుపు వాడారు.

అక్షరాల సంగతికి వస్తే, ఒక్కో దేశం తన జనానికి తగ్గట్టు మార్చుకుంది. మెక్సికోలో ‘ఆల్టో’ అని, బ్రెజిల్‌లో ‘పారే’ అని, టర్కీలో ‘దుర్’ అని వాళ్ల భాషలో రాస్తారు. ఇజ్రాయెల్‌లో అక్షరమే లేదు, ఎత్తిన అరచెయ్యి బొమ్మ ఉంటుంది. ఫ్రాన్సు వాళ్లు ఇంగ్లీషు మాటే ఉంచుకున్నారు, వాళ్ల జనానికి అది తెలుసు.

నేను ఇంగ్లీషు తీసేయమనడం లేదు. దూరప్రాంతాల లారీ డ్రైవర్లకు అది కావాలి. దాని కింద ‘ఆగండి’ అని తెలుగులో పెద్దగా రాయమంటున్నాను, ముఖ్యంగా ఊరి రోడ్లు హైవేలో కలిసే చోట. ‘ఆగుము’ వద్దు, రోడ్డు మీద ఎవరూ అలా మాట్లాడరు. అదే హైవే మీద ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. ఊరి పేరు చదవగలిగిన మనిషికి ప్రాణం కాపాడే మాట మాత్రం ఎందుకు అందకూడదు?

మా ఊళ్లో రంగు ఖర్చు పెట్టుకోవడానికి నలుగురం సిద్ధంగా ఉన్నాం. పంచాయతీలో అడిగితే అది తమ చేతిలో లేదు, హైవే వాళ్ల అనుమతి కావాలన్నారు. ఆ అనుమతి ఎక్కడ అడగాలో, దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా చెబితే, మరుసటి రోజే వెళ్లి ఇస్తాను.

— ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, సూర్యాపేట జిల్లా